సమాచార కమిషనర్ల ఎంపికపై కొత్త ప్రభుత్వానికి మేం పెట్టుకున్న అర్జీ: నా అనుభవం

2024 జూన్ 4 సాయంత్రానికి రాష్ట్రంలో ప్రభుత్వం మారుతున్నదని తేలిపోయింది. 175 స్థానాల శాసనసభలో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి 164 గెలుచుకోగా, అప్పటిదాకా అధికారంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 దక్కాయి. నారా చంద్రబాబు నాయుడు గారి ప్రమాణ స్వీకారం జూన్ 12న జరిగింది. ఈ రెండు తేదీల నడుమ ఒంగోలులో ఏ నలుగురు కలిసినా నామినేటెడ్ పదవుల మాటే. మార్కెట్ కమిటీ ఎవరికి, దేవస్థానం పాలకమండలి ఎవరికి, జిల్లా గ్రంథాలయ సంస్థ ఎవరికి, ఏ కార్పొరేషన్‌లో ఎవరు డైరెక్టరు అని పేర్లతో సహా చెప్పుకునేవారు. ఐదేళ్లు జెండా మోసి కేసులు భరించినవారు పదవి ఆశించడాన్ని నేనెన్నడూ తప్పుపట్టలేదు. అయితే ఆ మాటల్లో ఎక్కడా వినిపించని పదవి ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద వచ్చే అప్పీళ్లను తేల్చే రాష్ట్ర సమాచార కమిషనర్ పదవి. ఎవరి నోటా రాని పదవి చివర్లో ఎవరికో ఒకరికి సర్దుబాటుగా దక్కుతుందన్న భయమే మమ్మల్ని కదిలించింది.

నేను ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఆగిన ఫైలు ఏ కాగితంతో కదులుతుందో తెలిసినవాణ్ణి కనుక, ఉద్యోగం ముగిశాక సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెట్టమని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రావడం మొదలైంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఇంత తక్కువ ఖర్చుతో ఒక కూలి మనిషి ప్రభుత్వాన్ని లిఖితపూర్వకంగా ప్రశ్నించి జవాబు కోరగల మార్గం నాకు తెలిసి మరొకటి లేదు. ఆ మార్గం చివర కూర్చునే వ్యక్తి ఎవరన్న దాన్ని బట్టే అందులో నడిచినవాడికి ఫలితం దక్కుతుంది.

మార్కాపురం వైపు నుంచి ఒక రైతు నా దగ్గరికి వచ్చేవాడు. వెలిగొండ ప్రాజెక్టు ముంపు కింద ఇల్లు పోయిన కుటుంబం. పునరావాస జాబితాలో పెద్దకొడుకు పేరు ఏ దశలో, ఎవరి సంతకంతో తప్పిపోయిందో తెలుసుకోవాలన్నదే ఆయన ప్రశ్న. దుకాణంలో బట్టలకిచ్చే ప్లాస్టిక్ కవరులో ఆయన కాగితాలన్నీ ఉండేవి: దరఖాస్తు నకలు, 30 రోజులు గడిచినా జవాబు లేదంటూ వేసిన మొదటి అప్పీలు, కమిషన్‌కు వేసిన రెండో అప్పీలు, రిజిస్టర్ పోస్టు రశీదులు. మడతల దగ్గర నలిగి చిరిగిన రశీదుల వెనక ఆయన భార్య గోధుమపిండి జిగురుతో తెల్లకాగితం అంటించి పెట్టింది. మొదటి అప్పీలుకు చట్టంలో గడువుంది, 30 రోజులు, మించితే 45. రెండో అప్పీలును కమిషన్ ఇన్నాళ్లలో తేల్చాలన్న గడువు చట్టంలో లేదు. తప్పు చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా వేసే అధికారం కమిషనర్‌ది. ఆ కమిషనర్ అధికార పార్టీ మనిషైతే, తన పార్టీ ప్రభుత్వంలోని అధికారికే జరిమానా వేయవలసి వస్తుంది. ఆ రైతు ప్రశ్నకు అప్పుడు ఏపాటి న్యాయం జరుగుతుందో ఎవరైనా ఊహించగలరు.

ఫలితాలు వచ్చిన వారంలోనే ఒంగోలులో ఒక మిత్రుడి ఇంటి మేడమీద కూర్చున్నాం. కందుకూరు, కావలి, నెల్లూరు, చీమకుర్తి నుంచి వచ్చినవారున్నారు. మాకు సంఘమంటూ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, లెటర్‌హెడ్ లేదు. ఒకరి దరఖాస్తులకు ఒకరు సాయపడే పరిచయం మాత్రమే ఉంది. ఎందుకు ఇప్పుడే అడగాలన్న ప్రశ్న మొదట వచ్చింది. కొత్త ప్రభుత్వాన్ని కొంచెం కుదురుకోనిద్దాం, ఏదైనా తప్పు జరిగితే అప్పుడు మాట్లాడదామని చీమకుర్తి నుంచి వచ్చిన పెద్దాయన అన్నారు. దానికి చట్టమే జవాబు చెబుతుంది. ఒకసారి నియమితుడైన కమిషనర్‌ను దుష్ప్రవర్తన లేదా అసమర్థత కారణంగా తొలగించాలంటే గవర్నర్ ఆ విషయాన్ని సుప్రీంకోర్టుకు నివేదించాలి, సుప్రీంకోర్టు విచారణ జరిపి తొలగించవచ్చని చెప్పాలి. ఆ రక్షణ ఉండవలసిందే. నిజాయితీగా పనిచేసే కమిషనర్‌ను కాపాడేది కూడా అదే. అందువల్ల పౌరులు మాట్లాడవలసింది సంతకం పడకముందే, వీలైతే పేర్లు చెలామణిలోకి రాకముందే.

ఆపైన జరిగిన వాదన చాలాసేపు సాగింది. నా లెక్కలో మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన ఘట్టం అదే. కావలి నుంచి వచ్చిన న్యాయవాది ఒకావిడ, మనం పద్ధతి గురించి రాస్తే ఎవరూ చదవరు, మంచి పేర్లు నాలుగు సూచిస్తే కనీసం పరిశీలిస్తారు అన్నారు. ఆమె మాటలో బలముంది. ప్రభుత్వాలు ఖాళీ కుర్చీకి మనిషిని వెతుకుతాయి, సూత్రాన్ని వెతకవు. నెల్లూరు మిత్రుడు, పాత్రికేయ వృత్తిలో తలపండినవాడు, అందుకు ఒప్పుకోలేదు. పేరు చెప్పిన క్షణం నుంచి మనం కూడా ఆశావహుల వరుసలో నిలబడతాం, మన పేరు కాకుండా ఇంకొకరి పేరు వస్తే మన అభ్యంతరానికి అక్కసన్న ముద్ర పడుతుంది అన్నాడు. నాదీ అదే పక్షం. చివరికి రెండు తీర్మానాలు చేసుకున్నాం. ఏ వ్యక్తి పేరూ సూచించకూడదు, వ్యతిరేకించకూడదు. ఈ అర్జీ మీద సంతకం పెట్టినవారెవరూ ఆ పదవికి దరఖాస్తు చేయకూడదు. రెండో తీర్మానం విన్నాక ఒక మిత్రుడు తనకు దరఖాస్తు చేయాలన్న ఆలోచన ఉందని నిజం చెప్పి, సంతకం పెట్టకుండా లేచాడు. ఆయన అర్హతను మేమెవరం శంకించలేదు. ముందే చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది కూడా. దరఖాస్తు చేసేవాడికీ ఒత్తిడి చేసేవాడికీ మధ్య గోడ ఉండాలన్నదే మా పట్టుదల.

అర్జీ రాయడం నా వంతుకు వచ్చింది. చట్టంలో ఉన్నదానికి మించి ఒక్కటి కూడా అడగకూడదని పెట్టుకున్నాను. 2005 నాటి సమాచార హక్కు చట్టం 15వ సెక్షన్ ప్రకారం కమిషనర్లు ప్రజాజీవితంలో ప్రముఖులై ఉండాలి, న్యాయం, శాస్త్ర సాంకేతిక రంగాలు, సమాజసేవ, నిర్వహణ, జర్నలిజం, ప్రసార మాధ్యమాలు, పరిపాలన వంటి రంగాల్లో విస్తృత జ్ఞానం, అనుభవం ఉండాలి. పార్లమెంటు సభ్యుడో శాసనసభ్యుడో అయి ఉండకూడదు, లాభదాయక పదవిలో ఉండకూడదు, ఏ రాజకీయ పార్టీతోనూ సంబంధం ఉండకూడదు, వ్యాపారమో వృత్తో చేస్తూ ఉండకూడదు. ఎంపిక చేసే సంఘంలో ముఖ్యమంత్రి, శాసనసభలో ప్రతిపక్ష నాయకుడు, ముఖ్యమంత్రి సూచించే ఒక కేబినెట్ మంత్రి ఉంటారు. వారి సిఫారసు మీద గవర్నర్ నియమిస్తారు.

ఇక్కడే ఆ ఎన్నికల ఫలితం వల్ల పుట్టిన చిక్కొకటి ఉంది. 11 స్థానాలున్న పక్షానికి ప్రతిపక్ష నాయకుడి హోదా వస్తుందా రాదా అని పత్రికల్లో అప్పటికే చర్చ నడుస్తోంది. సభలో పదోవంతు, అంటే 18 స్థానాలు ఉండాలన్నది ఆనవాయితీ. హోదా లేదు కనుక ఎంపిక సంఘంలో ప్రతిపక్షం అక్కర్లేదని రేపెవరైనా వాదిస్తే ఎలా? చట్టం రాసినవాళ్లు దీన్ని ముందే ఆలోచించారు. 15(3) కింద ఇచ్చిన వివరణలో, ప్రతిపక్ష నాయకుడిగా ఎవరికీ గుర్తింపు లేనప్పుడు ప్రతిపక్షంలోని అతిపెద్ద పక్షం నాయకుడినే ప్రతిపక్ష నాయకుడిగా భావించాలని స్పష్టంగా ఉంది. ఆ వాక్యాన్ని అర్జీలో యథాతథంగా ఎక్కించాను. ఏ పార్టీ మీదా ప్రేమతో కాదు. ముగ్గురు కూర్చోవలసిన చోట ఇద్దరే కూర్చుంటే, ఆ ఇద్దరిలో ఒకరు మరొకరి మంత్రివర్గ సభ్యుడే అయితే, అక్కడ భిన్నాభిప్రాయానికి చోటుండదు కనుక.

తరువాత సుప్రీంకోర్టు తీర్పు. సమాచార హక్కు ఉద్యమకారిణి అంజలీ భరద్వాజ్ వేసిన కేసులో 2019 ఫిబ్రవరి 15న వచ్చిన ఆ తీర్పు, ఖాళీ ఏర్పడటానికి నెలా రెండు నెలల ముందే ప్రక్రియ ప్రారంభించాలని, దరఖాస్తుదారులను వడగట్టడానికి పాటించే ప్రమాణాలను బయటపెట్టాలని, పదవులన్నీ విశ్రాంత అధికారులకే పరిమితం చేయకుండా ఇతర రంగాల వారినీ తీసుకోవాలని చెప్పింది. మా అర్జీలో సగం ఆ తీర్పులోని ఆదేశాలే. ఆ ధర్మాసనంలో కూర్చున్న ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు జస్టిస్ ఎస్. అబ్దుల్ నజీర్. 2023 ఫిబ్రవరి నుంచి ఆయనే మన రాష్ట్ర గవర్నర్. ఆ సంగతి గవర్నర్‌కు పంపే ప్రతిలో ప్రస్తావించాలా వద్దా అన్న దానిమీద మళ్లీ చర్చ జరిగింది. తీర్పు చెప్పినవారికే ఆ తీర్పు గుర్తు చేయడం మర్యాద కాదని కొందరు అన్నారు. ప్రస్తావించకపోతేనే లోపమని నాకు తోచింది. "తమరు భాగస్వాములైన ధర్మాసనం ఇచ్చిన ఆదేశాలు తమ సంతకంతో వెలువడే నియామకాల్లో అమలు కావాలని కోరుతున్నాం" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టాం.

ఉమ్మడి రాష్ట్రంలో జరిగినదాన్ని కూడా ఒక పేరాలో గుర్తుచేశాం. 2012లో నియమించిన కమిషనర్లలో నలుగురి నియామకం చెల్లదని 2013లో హైకోర్టు తీర్పిచ్చింది. రాజకీయ సంబంధాలే అక్కడ వివాదానికి మూలం. నియామకం కొట్టివేస్తే నష్టపోయేది ఆ నలుగురే కాదు. వారి ముందు విచారణకు వరుస కట్టిన అర్జీదారులందరి సమయమూ పోతుంది. ఈ మాట రాస్తున్నప్పుడు నా మనసులో ఉన్నది ఆ మార్కాపురం రైతు కవరే.

అర్జీ పట్టుకుని మొదట ఒక శాసనసభ్యుడి ఇంటికి వెళ్లాం. కొత్తగా గెలిచినవారు. వాకిట్లో శాలువాల కుప్ప, పూలబొకేలు, ఫ్లెక్సీలు, ఫొటో కోసం నిలబడినవారితో కాలు పెట్టే సందు లేదు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కాగితం చేతిలోకి తీసుకోకముందే ఆయన, "మీ మనిషెవరో చెప్పండి సార్, పెద్దాయన దృష్టికి తీసుకెళ్తాను" అన్నారు. "మాకు మనిషి లేడండీ, పద్ధతి అడగడానికి వచ్చాం" అని న్యాయవాది గారు చెప్పారు. ఆయన ఒక్క క్షణం మా ముఖాల వంక చూసి, కూర్చోమని కుర్చీలు వేయించారు. పార్టీతో సంబంధం ఉండకూడదన్న వాక్యం దగ్గర ఆగి, పైకి చదివారు. "అంటే మా పార్టీ వాళ్లెవరూ పనికిరారా?" అని అడిగారు. మీ పార్టీయే కాదు, ఏ పార్టీ వారూ పనికిరారన్నది చట్టమని నేను చెప్పాను. "నాకు తెలీదండీ ఈ సంగతి. నన్ను ఇద్దరు అడిగి వెళ్లారు ఇప్పటికే" అన్నారు. ఆ మాట ఆయన దాచుకోవచ్చు, దాచుకోలేదు. అర్జీ కింద "పరిశీలనార్థం ముఖ్యమంత్రి గారికి పంపడమైనది" అని రాసి సంతకం చేసి ఇచ్చారు. ఒత్తిడి అనే మాటకు మనవాళ్లు ధర్నా, రాస్తారోకో అని అర్థం చెప్పుకుంటారు కానీ, నిర్ణయించేవాడి చెంత ఉండే మనిషికి చట్టంలోని ఒక వాక్యాన్ని సకాలంలో చదివి వినిపించడం కూడా ఒత్తిడే. ఆ ఇద్దరు ఆశావహులకు ఆయన ఏం జవాబు చెప్పారో గానీ, ఆ జవాబు చెప్పేటప్పుడు ఈ వాక్యం ఆయనకు తెలిసి ఉంటుంది.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలోనూ ఒక ప్రతి ఇచ్చి రశీదు తీసుకున్నాం. జిల్లా స్థాయిలో తేలే విషయం కాదని తెలిసినా, నమోదైన సంఖ్య ఒకటి చేతిలో ఉంటే తరువాత రాసే ప్రతి ఉత్తరంలో దాన్ని ఉటంకించవచ్చు. ముఖ్యమంత్రికి, గవర్నర్‌కు, ప్రభుత్వ ప్రధాన కార్యదర్శికి రిజిస్టర్ పోస్టులో పంపాం. ఎంపిక సంఘంలో సభ్యుడు కాగలవారు కనుక ప్రతిపక్షంలోని అతిపెద్ద పక్షం నాయకుడికీ అదే అర్జీ, ఒక్క అక్షరం మార్పు లేకుండా పంపాం.

దీనికి మాత్రం మాట పడవలసి వచ్చింది. మాతో కలిసి ఎన్నో దరఖాస్తులు వేసిన కందుకూరు మిత్రుడొకరు, స్వయంగా అధికార కూటమి అభిమాని, నాకు ఫోను చేసి, "ఐదేళ్లు వాళ్ల హయాంలో పడ్డ పాట్లు మర్చిపోయారా అన్నా, ఇప్పుడు వాళ్లకు అర్జీ ఏంది?" అని నిలదీశాడు. ఆయన బాధ నాకర్థమైంది. చట్టం ఆ కుర్చీ వేసింది ఎవరి ముఖమూ చూసి కాదని, రేపు స్థానాలు తారుమారైతే మనం కోరుకునే రక్షణ కూడా అదేనని చెప్పాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా సంతకం వెనక్కి తీసుకోలేదు.

వచ్చిన జవాబులు అందరికీ తెలిసిన తరహావే. మీ వినతిని సంబంధిత శాఖకు పంపడమైనది అన్న ఉత్తరం ఒక కార్యాలయం నుంచి వచ్చింది. మిగతావాటికి అందినట్టు రశీదులు మాత్రమే. అక్కడితో ఆగితే అర్జీ ఏదో అల్మారాలో చేరుతుందని, పోస్టుకార్డుల ఆలోచన చేశాం. కార్డు 50 పైసలు. రెండో అప్పీలు వేసి ఎదురుచూస్తున్నవారు ఎవరికి వారు తమ చేతిరాతతో, తమ మాటలతో ముఖ్యమంత్రికి రాయాలి, మేం నమూనా ఇవ్వకూడదు. రాయడం రానివారికి వారు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టాం. పింఛను ఆగిన కారణం కోసం అప్పీలు వేసిన కనిగిరి ప్రాంతపు ముసలావిడ ఒకామె చెప్పిన మాట ఇది: "అయ్యా, నా కాయితం ఇనేదానికి పెట్టే మనిషిని పార్టీ జూసి పెట్టమాక." అర్జీలో నేను పేజీలకొద్దీ రాసింది ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. వేలిముద్ర వేసి, ఆ కార్డును తానే డబ్బాలో వేస్తానని పట్టుబట్టి వేసింది.

ఈలోగా మా పని గురించి విన్నవారు, మార్కెట్ కమిటీల మీదా దేవాలయ పాలకమండళ్ల మీదా గ్రంథాలయ సంస్థల మీదా ఇలాగే అడగండని రావడం మొదలుపెట్టారు. గ్రంథాలయ సంస్థ అధ్యక్షుడిగా పుస్తకమంటే తెలిసినవాడు ఉండాలని నాకూ ఉంది. మనం కట్టే ఆస్తిపన్నులో కలిసి వచ్చే గ్రంథాలయ సెస్సుతో నడిచే సంస్థ అది. అయినా వాటిని ఈ అర్జీలో కలపడానికి నేను ఒప్పుకోలేదు. సమాచార కమిషనర్ విషయంలో పార్టీ సంబంధాన్ని చట్టమే నేరుగా నిషేధించింది, సుప్రీంకోర్టు పద్ధతి నిర్దేశించింది. ఆ రెండూ మా చేతిలో ఉన్నంతసేపు ఇది రాజకీయమని మమ్మల్ని తోసిపుచ్చలేరు. అన్ని పదవులనూ ఒకే మూటలో కడితే, పార్టీ కోసం కష్టపడినవారికి ఏమీ దక్కకూడదా అన్న సమంజసమైన ప్రశ్న ఎదురవుతుంది, ఆ ప్రశ్న కింద అసలు విషయం నలిగిపోతుంది. గ్రంథాలయాల కోసం వేరే అర్జీ, వేరే మనుషులు, వేరే సమయం కావాలి. కొందరు మిత్రులకు ఈ నిర్ణయం రుచించలేదు.

కమిషనర్ పదవీకాలం మొదట ఐదేళ్లుగా ఉండేది. 2019 సవరణ తరువాత కేంద్రం చేసిన నియమాల వల్ల మూడేళ్లకు తగ్గింది, 65 ఏళ్ల వయోపరిమితి అలాగే ఉంది. అంటే ఖాళీలు ఇదివరకటి కన్నా త్వరగా వస్తాయి, ఏ ప్రభుత్వమైనా తన ఐదేళ్లలో ఈ పరీక్షను ఒకటికి రెండుసార్లు ఎదుర్కొనక తప్పదు. అందుకని మేం పనులు పంచుకున్నాం. నియామక ప్రకటనలు, జీవోలు కనిపెట్టి ఉండటం నెల్లూరు మిత్రుడి బాధ్యత. పేర్లు వెలువడగానే ఆ వ్యక్తులు ఎప్పుడైనా ఎన్నికల్లో పోటీ చేశారా, పార్టీ పదవులు నిర్వహించారా అన్నది ఎన్నికల అఫిడవిట్లలోనూ పత్రికల్లోనూ వెతకడానికి కావలిలో ఇద్దరు కుర్రవాళ్లు సిద్ధంగా ఉన్నారు. అవసరమైతే హైకోర్టులో వేయవలసిన రిట్ ముసాయిదా న్యాయవాది గారి దగ్గర ఉంది. అభ్యంతరాల ఉత్తరం మొదటి రెండు పేరాలు నేను రాసి ఉంచాను, మూడో పేరా పేర్లు వచ్చాక రాస్తాను. అభ్యంతరం చెప్పడానికి ఏమీ కనబడకపోతే, ఆ మూడో పేరాలో ప్రభుత్వానికి కృతజ్ఞతలు తెలపాలని కూడా అనుకున్నాం.